విదేశీ మిషన్ టీమ్ మీ ఊరికి వస్తుంటే: పిలిచే ముందు నుంచి పంపించిన తర్వాత దాకా

సంక్రాంతి దాటితే మా వైపు అతిథుల సీజన్ మొదలవుతుంది. అమెరికా నుంచో, ఇంగ్లండ్ నుంచో, కొరియా నుంచో సేవ చేయడానికి ఎనిమిది పదిమంది క్రైస్తవులు వస్తారు. చెన్నైలో విమానం దిగి, హైవే మీద టెంపో ట్రావెలర్‌లో నెల్లూరు, కావలి, ఒంగోలు చేరతారు. పది పన్నెండు రోజులుండి వెళ్లిపోతారు. ఆ పది రోజుల కోసం ఇక్కడి క్రైస్తవ సంఘం ఆరు నెలల ముందు నుంచి పని చేయాలి. ఆ సంగతి మాకు చెప్పినవాళ్లు లేరు. నెల్లూరు, ప్రకాశం సరిహద్దులో ఉన్న మా చిన్న సంఘం తరఫున పద్నాలుగేళ్లుగా ఈ టీమ్‌లను చూసుకుంటున్నాను. మొదటి నాలుగేళ్లు దాదాపు ప్రతి పనీ తప్పుగానే చేశాం.

మొట్టమొదటి టీమ్ వచ్చినప్పుడు, టూరిస్టు వీసా మీద వచ్చిన ఒక పెద్దాయన చేత పల్లె నడిబొడ్డున మైకు పెట్టి ప్రసంగం చెప్పించాం. పోలీసు స్టేషన్‌కు ఫిర్యాదు వెళ్లింది. రాత్రి తొమ్మిదిన్నరకు పాస్‌పోర్టులన్నీ ఒక గుడ్డసంచిలో వేసుకొని నేను, మా పాస్టరు అయ్యగారు వెళ్లి వివరణ రాసిచ్చాం. ఆ సంచి పట్టుకున్న నా చెయ్యి వణుకుతూనే ఉంది. లాడ్జిలో ఆ ఎనిమిదిమందీ నిద్రపోలేదు, మర్నాడే చెన్నై వెళ్లిపోయారు. ఫిర్యాదు చేసిన మనిషిని తప్పు పట్టడానికి లేదు. నిబంధన ఏమిటో కనుక్కోకుండా అతిథులను ఇబ్బందిలో పెట్టింది మేమే. అలాంటి రాత్రి మీ సంఘానికి రాకూడదని ఇదంతా రాస్తున్నాను.

మొదటి పని: ఊరిని అడగండి

టీమ్ నుంచి మెయిల్ రాగానే మనం "ఏం చేయడానికి వస్తారు?" అని అడుగుతాం. వాళ్లు వాళ్లకు తెలిసిన పనులు రాస్తారు: గోడలకు రంగులు, పిల్లలకు ఆటలు, మెడికల్ క్యాంపు. మనం సరే అంటాం. చిక్కంతా అక్కడే పుడుతుంది. ముందు అడగాల్సింది ఊరిని.

స్త్రీల సమాజం, డ్వాక్రా గ్రూపు, యూత్, స్కూలు హెడ్మాస్టరు, ఆశా కార్యకర్త, వీళ్లందరితో విడివిడిగా కూర్చోండి. సంఘానికి బయట ఉన్న ఊరి పెద్దలను కూడా కలవండి. అతిథులు నడిచేది వాళ్ల వీధుల్లోనే కదా. "మీకేం కావాలి?" అని మాత్రం అడగకండి. అలా అడిగితే కమ్యూనిటీ హాలు, చర్చికి స్లాబు, బోరు అనే జవాబులే వస్తాయి. "పోయిన ఆరు నెలల్లో ఏ పని మధ్యలో ఆగిపోయింది? ఎందుకు ఆగింది?" అని అడగండి. మేము ఇలా అడిగిన మొదటి ఏడాది మూడు సంగతులు తెలిశాయి. నర్సింగ్ చదివిన నలుగురు అమ్మాయిలు ఇంటర్వ్యూలో ఇంగ్లీషు మాట్లాడలేక వెనక్కి వచ్చేశారు. బట్టలు కుట్టే ఆడవాళ్లు నలభై దాటాక సూదిలో దారం ఎక్కించలేక పని మానేస్తున్నారు. వర్షాకాలంలో కాలనీ రోడ్డు మీద నీళ్లు నిలిచి పిల్లలు బడికి పోవడం లేదు.

వచ్చిన జవాబులను మూడు కుప్పలు చేయండి. మనమే చేసుకోగలిగినవి ఒక కుప్ప. ప్రభుత్వం చేయాల్సినవి రెండోది. కాలనీ రోడ్డు అందులోకి పోతుంది, దానికి సచివాలయంలో అర్జీ పెట్టాలి. బయటి మనిషి చెయ్యి వేస్తే నిజంగా లాభం ఉన్నవి మూడోది. టీమ్‌కు పంపాల్సింది ఈ మూడో కుప్ప మాత్రమే. ఇంగ్లీషు మాట్లాడించడం వాళ్లు చేసినట్టు మనం చేయలేం. గోడకు రంగు మన ఊరి పెయింటర్ వాళ్లకంటే బాగా వేస్తాడు, పైగా అతనికి అది నాలుగు రోజుల కూలి.

బోరు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ప్రతి టీమూ బోరు వేయిస్తామంటుంది. కనిగిరి, పొదిలి, దర్శి వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. పరీక్ష చేయించకుండా అక్కడ బోరు వేసి, దాని మీద దాతల పేరు చెక్కిస్తే, పసిపిల్లల పళ్ల మీద మచ్చలకూ పెద్దల కీళ్ల నొప్పులకూ మనం రిబ్బన్ కట్ చేసినట్టే. ముందు నీటి పరీక్ష, ఆ తర్వాతే మాట.

రెండో పని: వీసా సంగతి ముందే తేల్చుకోండి

మన సంఘాల్లో చాలామందికి ఇది తెలియదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

టూరిస్టు వీసా మీద వచ్చిన విదేశీయులు మన ఆరాధనకు రావచ్చు, కూర్చొని వాక్యం వినవచ్చు. దాని మీద ఏ ఆంక్షా లేదు. కానీ మతబోధ చేయడం, ప్రార్థనా స్థలాల్లో ప్రసంగించడం, మత సంబంధమైన కరపత్రాలు పంచడం, వీడియోలు చూపించడం, మతమార్పిడి పనులు చేయడం కుదరదని కేంద్ర హోంశాఖ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వాళ్లకు ఇచ్చేది) ఉన్న మనవాళ్లు కూడా మిషనరీ పని చేయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. అమెరికాలో స్థిరపడ్డ బంధువు వచ్చి సభ పెడతానన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

అదే టూరిస్టు వీసా మీద, డబ్బు గానీ మరే ప్రతిఫలం గానీ తీసుకోకుండా, నెల రోజులు మించకుండా స్వచ్ఛంద సేవ చేయడానికి వీలుంది. ఇంగ్లీషు మాట్లాడించడం, ఆటలు ఆడించడం, కుట్టుపని నేర్పడం ఇందులోకి వస్తాయి. కాబట్టి మా సంఘం పెట్టుకున్న పద్ధతి ఇది: పగలు చేసే సేవలో అతిథులు పాల్గొంటారు; ఆదివారం ఆరాధనలో మన మధ్య కూర్చుంటారు; వాక్యం మా అయ్యగారే చెబుతారు. ప్రసంగించడానికే వచ్చేవాళ్లయితే వాళ్ల దేశంలోని భారత రాయబార కార్యాలయంలో మిషనరీ వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి టైమ్ పడుతుంది, కాబట్టి ఆ మాట ఆరు నెలల ముందే చెప్పండి.

"అందరూ టూరిస్టు వీసా మీదే వచ్చి చెబుతున్నారు కదా, ఏమవుతుంది?" అని కొందరు పెద్దలు అంటారు. ఏమైనా అయితే ఆ అతిథిని దేశం నుంచి పంపించేస్తారు, మళ్లీ వీసా రాకపోవచ్చు. ఆ తర్వాత ఊళ్లో తల దించుకొని తిరగాల్సింది మన అయ్యగారు. ఆయన ఎక్కడికీ పోలేరు. పైగా దేవుని పని అబద్ధంతో మొదలు పెట్టకూడదని నా నమ్మకం. ఆహ్వాన పత్రంలో ఏ పనికి పిలుస్తున్నామో ఆ పనే రాయండి, వచ్చాక అదే చేయించండి.

ఇంకో రెండు సంగతులు ఆ ఉత్తరంలోనే రాయండి. శాటిలైట్ ఫోన్ గానీ, ట్రెక్కింగ్ వాళ్లు వాడే శాటిలైట్ మెసేజ్ పరికరం గానీ అనుమతి లేకుండా మన దేశంలోకి తేకూడదు, ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. డ్రోన్ కూడా ఇంట్లోనే వదిలి రమ్మనండి.

మూడో పని: డబ్బు, సామాన్లు

విదేశీయుల నుంచి సంఘానికి వచ్చే డబ్బు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందికి వస్తుంది. మనమంతా ఎఫ్‌సీఆర్ఏ అనే చట్టం ఇదే. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా విరాళాన్ని ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడం కూడా కుదరదు. "మా పేరు మీద వేయించండి, మీకు ఇచ్చేస్తాం" అని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి. రిజిస్ట్రేషన్ లేని సంఘం అసలు తీసుకోకూడదు. అతిథి డాలర్లు మార్చుకొని రూపాయల్లో కానుక పెట్టెలో వేసినా అది విదేశీ విరాళమే. ఈ మాట టీమ్ లీడర్‌కు ముందుగానే రాయండి, లేకపోతే ఆదివారం కానుకలప్పుడు ఇబ్బంది పడతారు.

మరి టీమ్ ఖర్చులు? లాడ్జి బిల్లు, వ్యాను అద్దె, హోటల్ భోజనం నేరుగా అతిథులే కట్టుకోవాలి. కొన్నదానికి డబ్బు కట్టడం విరాళం కాదు. సంఘం చేతిలోంచి ఆ డబ్బు నడవకపోతే మనకు ఏ తలనొప్పీ ఉండదు. సంఘం వండిపెట్టే పూట భోజనాల ఖర్చు మాత్రం మేమే భరిస్తాం, మా ఆడవాళ్లు నెలకింత అని ముందే దాచిపెడతారు.

సూట్‌కేసుల నిండా పాత బట్టలు, బొమ్మలు తెస్తామంటారు. వద్దని చెప్పడానికి మొహమాటపడకండి. ఒక ఏడాది మాకు ఉన్ని కోట్లు వచ్చాయి. ఫిబ్రవరి ఎండలో వాటిని చర్చి బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి చెదలు దులిపాం.

సాయం గురించి ఒక పాత సంగతి చెప్పాలి. 1866లో ఒంగోలు వచ్చి దశాబ్దాల పాటు అక్కడే పనిచేసిన అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొర పేరు మన ఇళ్లల్లో తెలియనివాళ్లు తక్కువ. 1876 నుంచి 1878 దాకా కరువు వచ్చినప్పుడు, ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకొని వేల మందికి కూలి ఇప్పించాడు. ఆ సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చారనే మాట వాళ్ల మీద పడకూడదని. సాయం ముగిశాకే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ సంఖ్యను మన సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. అంతకుముందు ఆయన ఎన్ని నెలలు ఆగాడో ఎవరూ చెప్పరు. మీ ఊళ్లో కంటి క్యాంపు పెట్టి కళ్లద్దాలు ఇచ్చే చోట ప్రార్థన కార్డు పెట్టకండి. ఇంగ్లీషు క్లాసుకు వచ్చిన అమ్మాయిని ఆదివారం రమ్మని బలవంతం చేయకండి. కళ్లద్దాలు ఇచ్చేది చూపు తగ్గిన మనిషికి, ఆమె ఏ గుడికి పోయినా సరే.

నాలుగో పని: తేదీలు, మనుషులు, బస

జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి వాయుగుండాల భయం. ఏప్రిల్ దాటితే బయటి మనుషులు మన ఎండకు తట్టుకోలేరు. వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి) మే నెలలోనే కదా, అప్పుడే రమ్మందాం అనుకుంటారు, వద్దు. వీబీఎస్ మన యూత్ చక్కగా నడపగలరు. నెల్లూరులో బస అయితే రొట్టెల పండుగ తేదీలు చూసుకోండి, ఆ వారం ఊళ్లో గది దొరకదు.

పదిమందికి మించి ఒప్పుకోకండి. పదిమంది అంటే ఒక వ్యాను, ఒక వంట, ఇద్దరు తర్జుమా చేసేవాళ్లు. పదిహేనుమంది అయితే రెండు వ్యాన్లు, ఊరంతా జాతర. చెన్నై నుంచి నెల్లూరుకు 180 కిలోమీటర్ల లోపే, ఒంగోలుకు మాత్రం 300 దాకా ఉంటుంది. రాత్రి విమానం దిగిన వాళ్లను అదే రాత్రి ఒంగోలు దాకా తీసుకురాకండి. చెన్నైలోనో నెల్లూరులోనో పడుకోనివ్వండి. వచ్చిన మొదటి రోజు ఏ కార్యక్రమమూ పెట్టకండి, వాళ్లకు పగలు రాత్రి తారుమారై ఉంటుంది.

లాడ్జిలో ఉంటే విదేశీయుల వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేసే బాధ్యత లాడ్జివాళ్లది. ఇళ్లల్లో పెట్టుకుంటే ఆ బాధ్యత ఇంటివాళ్లదే. ఫారం-సి అని మనం పిలిచేది ఇదే. వచ్చిన 24 గంటల్లోపు చేయాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి విదేశీయుల మీద పాత చట్టాల స్థానంలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, కాబట్టి పాత ఫారాలు జిరాక్స్ తీసి దాచుకొని ఉంటే వాటిని నమ్ముకోకండి. ప్రభుత్వ పోర్టల్‌లో ఇప్పుడు ఉన్నదాన్నే నింపండి. ఇళ్లల్లో బస మనసుకు బాగుంటుంది గానీ, ఈ పని చేయగల చదువుకున్న పిల్లలు ఆ ఇంట్లో ఉంటేనే పెట్టండి.

ఐదో పని: ముందే చెప్పి రావాల్సిన గుమ్మాలు

వారం ముందు సర్పంచ్‌ను, సచివాలయం వాళ్లను కలిసి ఒక కాగితం ఇవ్వండి: ఎవరు, ఎక్కడి నుంచి, ఎన్ని రోజులు, ఏ పని. అదే కాగితం పోలీసు స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రభుత్వ బడిలోకి అతిథులను తీసుకెళ్లాలంటే హెడ్మాస్టరు నోటి మాట చాలదు, ఎంఈఓ (మండల విద్యాధికారి) అనుమతి కాగితం ఉండాలి. మైకు వాడితే పర్మిషన్ తప్పనిసరి, రాత్రి పది దాటితే అసలు పెట్టకండి. గుళ్ల దగ్గర వేరే మతప్రచారం మీద మన రాష్ట్రంలో 2007 నాటి చట్టం కూడా ఉంది. చట్టం సంగతి అటుంచండి, పొరుగువాళ్ల గుడి ముందు మనకేం పని? వ్యాను పార్కింగ్ కూడా అక్కడ పెట్టించకండి.

ఆరో పని: వంటిల్లు

దీని గురించి మగవాళ్లు రాసే కాగితాల్లో ఒక్క లైను ఉంటుంది, "భోజన ఏర్పాట్లు" అని. టీమ్ పని చేయగలదా, మంచం పడుతుందా అన్నది తేలేది మాత్రం వంటింట్లోనే.

నెల ముందే అలర్జీల వివరాలు రాతపూర్వకంగా తెప్పించుకోండి. వేరుశనగ అలర్జీ ఉన్నవాళ్లు వాళ్లలో తరచూ ఉంటారు, అది ప్రాణం మీదికి తెచ్చేంత గట్టిది. మన వంటిల్లు చూస్తే పల్లీ చట్నీ, పల్లీ పొడి, వేరుశనగ నూనె! వంకాయ గుత్తి కూర మసాలాలో కూడా పల్లీలే. అలాంటి అతిథి ఒక్కరున్నా ఆ పది రోజులు వంటింట్లోకి పల్లీ రానివ్వకండి, నూనె మార్చండి. గోధుమ పడనివాళ్లకు ఇడ్లీ, అన్నం భయం లేదు గానీ, ఇంగువ పొడిలో పిండి కలుపుతారు, అది చూసుకోండి.

తాగడానికీ, పళ్లు తోముకోవడానికీ కూడా సీలు వేసిన నీళ్లే ఇవ్వండి. మెట్ట ప్రాంతానికి వెళ్లినప్పుడు "కాచి చల్లార్చాం, ఏం కాదు" అనకండి. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. ఆర్‌ఓ నీళ్ల క్యాన్లు వ్యానులో వెంట పెట్టుకోండి. మొదటి మూడు రోజులు ఇడ్లీ, పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, ముద్దపప్పు, అరటిపండు. కోసి ఉంచిన పచ్చి ఉల్లి, దోస ముక్కలు, బయటి ఐసు వద్దు. చేపల పులుసు పెట్టకపోతే నెల్లూరు వచ్చి ఏం లాభం అని మా స్త్రీల సమాజం వాళ్లు ప్రతి ఏడాదీ నాతో పోట్లాడతారు. ఆఖరి రోజు పెడతాం, కారం మూడో వంతు వేసి, ముళ్లు తక్కువ ఉన్న చేపతో.

ఓఆర్ఎస్ పొట్లాలు ప్రతి గదిలో ఉంచండి. ప్రయాణ బీమా కార్డు నకలు మీ దగ్గర ఒకటి ఉండాలి. వీధికుక్క కరిస్తే పావుగంట సేపు సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే టీకాకు తీసుకెళ్లాలి, పసరులు వద్దు. 108 నంబరు అందరి ఫోన్లలో ఎక్కించండి.

వంట చేసే ఇద్దరు ఆడవాళ్లకు కూలి ఇవ్వండి. "దేవుని పని కదా" అని పది రోజులు పొయ్యి దగ్గర నిలబెట్టి ఉత్త చేతులతో పంపడం నాకు ఏనాడూ నచ్చలేదు.

ఏడో పని: ఆ పది రోజులు

ఉదయం ఏడు నుంచి పదకొండు దాకా పని, మధ్యాహ్నం విశ్రాంతి, మళ్లీ నాలుగు నుంచి ఆరు. అంతకు మించి పెడితే నాలుగో రోజుకు సగం మంది పడకేస్తారు. స్వాగత సభ అరగంటలో ముగించండి. శాలువాలు, గజమాలలు, గంటన్నర ఉపన్యాసాలు అతిథులకు అర్థం కావు, మన డబ్బు మాత్రం ఖర్చవుతుంది.

టీమ్‌లో డాక్టరు ఉన్నారంటే అందరికీ ఆశ పుడుతుంది. విదేశీ డాక్టరు ఇక్కడ వైద్యం చేయాలంటే నేషనల్ మెడికల్ కమిషన్ నుంచి తాత్కాలిక అనుమతి కావాలి. అది లేకుండా స్టెతస్కోపు పట్టుకోకూడదు, వెంట తెచ్చిన మందులు పంచకూడదు. అందుకే మా క్యాంపు ఎప్పుడూ మన ఊరి వైద్యులదే. కంటి పరీక్ష ఇక్కడి కంటి సహాయకుడే చేస్తారు. అతిథులు వరుస నిలబెడతారు, పేర్లు రాసుకుంటారు, ముసలివాళ్ల చెయ్యి పట్టుకొని కూర్చోబెడతారు. పోయినసారి ఒక కుట్టు మిషను ఆమె పరీక్ష అయ్యాక అద్దాలు పెట్టుకొని, బొడ్డున దోపుకొన్న సూది తీసి, దారం ఎంగిలి చేసి, ఒక్కసారికే ఎక్కించింది. "ఇంకోటి ఇయ్యండయ్యా, చూస్తా" అని పక్కామె సూది కూడా లాక్కుంది. వరుసలో ఉన్నవాళ్లంతా సూదులు తీశారు. రిజిస్టరు రాస్తున్న అతిథి పెన్ను పక్కన పెట్టి వాళ్లనే చూస్తూ ఉండిపోయింది.

ప్రతి టీమ్‌కూ ఒక పూట మేము ఏ కార్యక్రమమూ పెట్టం. ఊరి పనిలో వదిలేస్తాం. మిరపకాయల కాలం కదా, కళ్లంలో ఆడవాళ్లు తొడిమలు తీస్తుంటారు. ఒక ఏడాది ఒక రిటైర్డ్ టీచరమ్మ వాళ్ల పక్కన చతికిలబడి రెండు గంటలు తొడిమలు తీసింది. భాష రాదు. చేతులు మండిపోయి ఊపుకుంటుంటే మా చిన్నమ్మ వరసయ్యే ఆమె గబగబా ఇంట్లోకి పోయి గిన్నెడు మజ్జిగ తెచ్చి, ఆ చేతులు అందులో ముంచి పట్టుకుంది. ఆ సాయంత్రం టీచరమ్మ ఇంకే ప్రశ్నా అడగలేదు, "వీళ్లకు రోజూ ఇంతేనా? కూలి ఎంత?" అని తప్ప. ఊరు ఏమిటో అర్థమవ్వడానికి ఆ రెండు గంటలు మా ప్రజెంటేషన్ల కంటే ఎక్కువ పని చేశాయి.

పిల్లల విషయంలో మొహమాటం అసలు వద్దు. ఏ అతిథీ ఏ పిల్లాడితోనూ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ మన పెద్దవాళ్లు ఇద్దరు పక్కన ఉండాలి. హాస్టల్ గదుల్లోకి పోకూడదు, వ్యానులో పిల్లలను ఎక్కించుకోకూడదు. వాళ్ల సంఘంలో ప్రతి ఒక్కరి నేర చరిత్ర తనిఖీ చేయించి ఆ కాగితం పంపమని అడగండి. మంచి సంఘాలు ఇది అడిగితే నొచ్చుకోవు, సంతోషిస్తాయి. ఏదైనా అనుమానం వస్తే చైల్డ్‌లైన్ 1098.

తర్జుమా

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లంతా తర్జుమా చేయలేరు. మన ఊరి మాట తెలిసి, తెలియని మాట వస్తే ఆగి "ఇంకోసారి చెప్పండి" అనగలిగే మనిషి కావాలి. అతిథికి ముందే చెప్పండి: చిన్న వాక్యాలు, వాళ్ల ఊరి జోకులు, సామెతలు వద్దు. తర్జుమా వల్ల అరగంట క్లాసు గంట అవుతుంది, అలాగే లెక్క వేసుకోండి. ఒకే మనిషి రోజంతా చేయలేరు, గంటకొకసారి మార్చండి. మా నర్సింగ్ అమ్మాయిల ఇంగ్లీషు క్లాసుకు మాత్రం తర్జుమా పెట్టలేదు. మొదటి రెండు రోజులు నోరు విప్పలేదు, మూడో రోజు నుంచి వాళ్లను ఆపడం కష్టమైంది.

ఫోటోలు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కాదు. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లను మన రాష్ట్రంలో బీసీ-సీ కింద లెక్కిస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతం. కుటుంబాల్లో ఎవరి సర్టిఫికెట్ ఏమిటో, ఎవరు ఏ దారిలో ఎంత దూరం వచ్చారో వాళ్ల సొంత విషయం. ప్రార్థనలో కళ్లు మూసుకొని ఉన్న ఒక అమ్మాయి ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టి కింద ఊరి పేరు రాస్తే, ఆ ఫోటో ఎవరెవరి చేతుల్లోకి పోతుందో అతిథికి తెలియదు, మనకు తెలుసు. అందుకని ఆరాధనలో ఫోటోలు బంద్. బయట తీసినా మనిషిని అడిగి తీయాలి, ఊరి పేరు రాయకూడదు, పిల్లల ముఖాలు పెట్టకూడదు. పేదరికం కనపడేలా మసి గిన్నెలు, చిరిగిన చొక్కాలు వెతికి తీయడం కనిపిస్తే వెంటనే టీమ్ లీడర్‌కు చెప్పండి.

ఫోన్ నంబర్లు కూడా అంతే. టీమ్ వెళ్లిన వారంలో అతిథులకు ఇక్కడి నుంచి పదుల కొద్దీ మెసేజ్‌లు పోతాయి, కూతురి పెళ్లి, ఫీజు, ఇల్లు అని. అడిగేవాళ్ల అవసరం నిజమే కావచ్చు. కానీ ఒకరికి అందితే పక్కింటివాళ్లతో మాటలు పోతాయి, సంఘం రెండుగా చీలుతుంది. మాట్లాడటానికి మా సంఘంలో ఒకే నంబరు, అది స్త్రీల సమాజం కార్యదర్శిది. సంఘకాపరులకు కూడా ఇదే రూలు. దీని మీద మాకు రెండేళ్లు గొడవ జరిగింది, అయినా మార్చలేదు.

వెళ్లాక

వ్యాను కదిలిన సాయంత్రమే వంటవాళ్ల కూలి, షామియానా, జనరేటర్ బాకీలు తీర్చేయండి. మూడో రోజు సంఘంలో లెక్క చదవండి. ఆ తర్వాత వారం, మొదట ఎవరెవరిని అడిగారో వాళ్లందరి దగ్గరికీ మళ్లీ పోయి, ఏం బాగుంది, ఏం ఇబ్బంది అయింది అని కనుక్కోండి. అతిథి ఎవరికైనా నోటిమాటగా ఏదైనా ఇస్తానన్నారా అని తప్పకుండా అడగండి. ఒకసారి ఒకాయన ఒక కుర్రాడికి కాలేజీ ఫీజు కడతానని వెళ్లిపోయాడు. ఆ కుర్రాడు వేరే కాలేజీలో వచ్చిన సీటు వదులుకొని ఏడాది ఎదురుచూశాడు. మాకు తెలిసేసరికి ఆలస్యమైంది. అప్పటి నుంచి, సంఘం రాతపూర్వకంగా ఒప్పుకోని ఏ మాటా మాట కాదని టీమ్‌కూ ఊరికీ ఇద్దరికీ మొదటి రోజే చెబుతున్నాం.

మూడు నెలలకు టీమ్‌కు ఒక ఉత్తరం రాయండి. పొగడ్తలు వద్దు, జరిగింది రాయండి. పోయిన ఏప్రిల్‌లో నేను రాసిన ఉత్తరంలో ఇవి ఉన్నాయి: అద్దాలు తీసుకున్న 63 మందిలో ఐదుగురివి విరిగాయి, ఇక్కడే బాగు చేయించాం. నలుగురు అమ్మాయిల్లో ఇద్దరికి నెల్లూరులో ఉద్యోగం వచ్చింది, ఒకామె మళ్లీ ఇంటర్వ్యూకు వెళ్తోంది, ఒకామెకు పెళ్లి అయింది. కాలనీ రోడ్డు అర్జీ ఇంకా కదల్లేదు, సచివాలయానికి మూడోసారి వెళ్లి వచ్చాం. మిరపకాయల దగ్గర మజ్జిగ తెచ్చిన చిన్నమ్మ, ఆ టీచరమ్మ చేతులు తగ్గాయా అని అడుగుతోంది.